అక్క కొన్న కాఫీ మిషను

పెదవుల మధ్య గుండుసూదులు బిగబట్టి, ఆమె ఒక అపరిచితుడి కుడికాలి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ప్యాంటు అంచు మడమను తాకీ తాకనట్టుండాలి. ఆ పెద్దమనిషి అద్దంలో తనను తాను చూసుకోవడంలో మునిగి ఉన్నాడు. కాళ్ళ దగ్గర మరొక మనిషి ఉన్నదన్న స్పృహ అతనికి లేదు. ఈ పెద్ద బట్టల దుకాణపు నేలమాళిగలో ఆమె ఎన్నో ఏళ్ళుగా మగవాళ్ళ కాళ్ళనూ ఆడవాళ్ళ నడుములనూ మాత్రమే ఎరుగును. ముఖాలు ఆమెదాకా దిగి రావు.

"కదలకండి," అంది సూదుల సందులోంచి.

అతను వెళ్ళాక సూదులను దిండులో గుచ్చి, గోడ గడియారం వైపు చూసింది. ఈరోజు భోజన విరామంలో ఆమె భోజనం చేయదలచుకోలేదు. ఎదురుగా ఉన్న గృహోపకరణాల దుకాణంలో కాఫీ మిషను కొనాలి. ఈరోజే కొనాలి.

"ఏంటక్కయ్యా, తమ్ముడి కోసం ఆవిరి ఇంజను కొంటున్నావటగా?" ఇస్త్రీ చేసే ఆవిడ బల్ల మీంచి తల ఎత్తకుండానే అంది. "మా ఇస్త్రీపెట్టె పట్టుకుపోరాదూ! ఆవిరి బోలెడు."

"నీ పెట్టెకి నురగ రాదే."

"నా నోటికొస్తోందిగా, వాగీ వాగీ! యాభై ఏళ్ళ మగాడమ్మా. ఇంకా ఉగ్గుగిన్నె పట్టుకుని వెంటపడతావేంటి?"

ఆమె సంచీ అందుకుని మెట్లెక్కింది.

వారం క్రితం భోజనం చేస్తూ తమ్ముడు కంచంలోకి చూస్తూ, "ఇంక నేను అక్కడే ఉందామనుకుంటున్నానక్కా," అన్నాడు. అక్కడ అంటే స్టేషను వీధిలోని కాఫీ కొట్టు, దాని మేడమీది గది, ఆ కొట్టు నడిపే భర్తపోయిన స్త్రీ. "ఇంకొంచెం వడ్డించనా?" అని ఆమె అడిగింది. ఆ సంభాషణ అంతటితో ముగిసింది.

ఈ వారం రోజుల్లో ఆమె ఒక నిర్ధారణకు వచ్చింది. అతడు ఆ కొట్టుకు వెళ్ళడం మొదలుపెట్టింది కాఫీ కోసం. ప్రతి సాయంత్రమూ చొక్కా నిండా ఆ వాసనతోనే ఇల్లు చేరుతున్నాడు. ఆమె పొద్దున్నే కలిపి ఇచ్చే పొడికాఫీని మాత్రం పెదవికి కూడా తగిలించకుండా పక్కకు జరిపేస్తున్నాడు. అటువంటి కాఫీయే ఇంట్లో దొరికితే ఇక అక్కడికి పోవలసిన పనేమిటి? బట్టను మనిషికి సరిపెట్టడమే జీవితమైపోయిన స్త్రీకి ఈ ఆలోచనలో లోపమేదీ కనబడలేదు.

తల్లి కూడా పోయేనాటికి ఆమె పదిహేడేళ్ళ పిల్ల. తమ్ముడికి ఇంకా పాలపళ్ళు ఊడలేదు. పిల్లవాణ్ణి హాస్టల్లో చేర్పిస్తేనే పెళ్ళి అన్న సంబంధాన్ని ఆమె తిప్పి పంపింది. బంధువులు దాన్ని త్యాగం అన్నారు. చాలా సౌకర్యమైన మాట అది. ఒకసారి అనేస్తే చాలు. అన్నవారు ఆ తరువాత ఒక పూటైనా వచ్చి పిల్లవాడి జ్వరం చూడనక్కర్లేదు. కుట్టుకూలితో వాడు చదివాడు, నీటిపన్ను కార్యాలయంలో గుమాస్తా అయ్యాడు. వాడి చొక్కాకు ఒక్క గుండీ అయినా వదులై వేలాడిన రోజు లేదు.

గృహోపకరణాల దుకాణంలో సేల్స్‌మన్ ఆమె చెప్పుల వైపు ఒక చూపు చూసి, నేరుగా చవక సరుకుల అర దగ్గరకు నడిపించాడు.

"ఇది చూడండమ్మా. ఈ కాఫీపొడి గుళిక వేసి మీట నొక్కడమే. కాఫీ అదే వచ్చేస్తుంది."

"గుళికలు మిషనుతో వస్తాయా?"

"అవి వేరే కొనుక్కోవాలి."

"ఎన్నాళ్ళు?"

"తాగినన్నాళ్ళూ."

"అంటే, మిషను చవగ్గా అంటగట్టి, బతికున్నన్నాళ్ళూ నాచేత గుళికలు కొనిపిస్తారన్నమాట."

అతని నవ్వు కొంచెం తగ్గింది. పక్కన మరో రెండు ఉన్నాయి. ఒకదానికి గింజలు పొడిచేసే మర కూడా లోపలే ఉంది. ధర చీటీ చూసి ఆమె చేయి వెనక్కి తీసుకుంది. మిగిలినది పిడి ఉన్నది. రేకు పలుచన, రంగు నాసి. పొడి నింపే ఆ పిడిని ఆమె తగిలించి బిగించింది, విప్పింది, మళ్ళీ బిగించింది.

"ఇందులో కాఫీ స్టేషను వీధి కొట్టులో కాఫీలా వస్తుందా?"

"ఆ కాఫీ ఎలా ఉంటుందో చెప్పండి, చూద్దాం."

ఆమె పిడి వదిలేసింది. ఆ కాఫీ ఆమె ఎన్నడూ తాగలేదు.

స్టేషను వీధి దగ్గరే. ఆ కొట్టు ముందు నుంచి నడవవలసి వస్తుందని, ఇన్నాళ్ళూ చుట్టు తిరిగి ఇంటికి పోయేది. ఇవాళ లోపలికి అడుగు పెట్టింది. కొట్టు ఆమె ద్వేషించినంత పెద్దది కాదు. మూడు బల్లలు, ఒక గల్లా. కొట్టావిడ కూడా ఆమె ద్వేషించినంత చిన్నది కాదు. జుట్టు నెరిసింది. ఏప్రన్ అంచు కుట్టు ఊడి ఒక పక్కకు వేలాడుతోంది.

చిన్న కప్పులో చిక్కటి కాఫీ వచ్చింది. ముందు చేదు, ఆ వెనక మాడిన చక్కెర లాంటి తీపి. అది బాగుండటం ఆమెకు కోపం తెప్పించింది.

"ఇంట్లో ఇలాంటిది రావాలంటే ఏ మిషను కొనాలండీ? ఎక్కువ పెట్టలేను."

కొట్టావిడకు ఆ ప్రశ్న నచ్చినట్టుంది. బల్ల తుడుస్తూ దగ్గరకొచ్చింది. "మిషను మామూలుది చాలండి. పిడి ఉన్న వాటిల్లో చవకది చూసుకోండి. చేత్తో తిప్పే చిన్న మర ఒకటి కొని, గింజలు ఎప్పటికప్పుడు పొడి చేసుకోండి. రుచంతా అక్కడే ఉంటుంది. చాలామంది మిషనుకి తగలేసి, డబ్బాలో పాతపొడి పోస్తారు. మీకోసమేనా?"

"తమ్ముడికి."

తుడుస్తున్న గుడ్డ ఆగింది. ఆవిడ ఆమె ముఖంలోకి పరీక్షగా చూసింది.

"ఆ గడ్డం... అదే పోలిక. వదినగారా?"

ఆ వరస కలపడానికి ఎవరూ ఆమె అనుమతి అడగలేదు.

"ఆయన కాఫీ తాగరండీ," అంది కొట్టావిడ గొంతు తగ్గించి. "మానేసి ఏడాది దాటింది. గుండెదడ వస్తే డాక్టరు వద్దన్నారు. మీకు... చెప్పలేదా?"

"మరి రోజూ ఇక్కడేం చేస్తాడు?"

"వేడినీళ్ళు తాగుతారు. కూర్చుంటారు. కబుర్లు చెబుతారు."

"కబుర్లా? వాడా?"

"అబ్బో, ఆపితే గదా!" ఆవిడ నవ్వబోయి, ఎదుటి ముఖం చూసి మానుకుంది.

ఆమె చిల్లర బల్ల మీద పెట్టి బయటికి వచ్చింది. గుండెదడ. ఏ రాత్రి వచ్చింది? పక్కగదిలోనే కదా తను పడుకునేది!

అయినా వెనక్కి వెళ్ళి ఆ పిడి ఉన్న మిషనే కొన్నది. చేతిమర కూడా కొన్నది. ఇప్పుడది కాఫీ కోసం కాదు. కప్పు ముందు పెడితే తనకు కాఫీ పడదన్న నిజం వాడు నోరు విప్పి చెప్పాలి. చెబితే, వాడింకా ఈ ఇంటివాడే.

సాయంత్రం అతడు మామూలు కంటే ముందే వచ్చాడు. పడకగదిలో బీరువా తలుపు కిర్రుమంది. పెట్టె తాళాలు టక్కుమన్నాయి. ఆమె వంటింట్లో మర తిప్పుతూనే ఉంది. మొదటి కప్పు నీళ్ళలా దిగింది. రెండోది మాడువాసన కొట్టింది. రెండూ తొట్టిలో పారబోసింది. మూడోసారి మిషను గట్టుతో సహా వణికి, నల్లని ధార సన్నగా, బంగారు నురగతో దిగింది.

"ఏంటక్కా ఇది?"

"కనబడటం లేదా? కాఫీ."

"మిషను కొన్నావా? ఇప్పుడెందుకక్కా ఇంత..."

"తాగు."

అతడు కప్పు వైపు చూశాడు. ఆమె అతని మెడ మీది నరం వైపు చూసింది. 'నాకు పడదక్కా' అంటే చాలు. రెండే మాటలు. చిన్నప్పుడు మందు చేదని ఇల్లు పీకి పందిరేసినవాడికి ఆ రెండు మాటలు రాకపోవడమేమిటి?

అతడు కప్పు ఎత్తాడు.

"చేదెక్కువైతే వదిలెయ్," అంది. "నేనేం అనుకోను. నిజంగా."

"లేదక్కా. చాలా బాగుంది."

చివరి చుక్క వరకూ తాగాడు. ఉప్పెక్కువైందని కంచం తోసేసినవాడు, కాలరు సరిగ్గా మడవలేదని చొక్కా విసిరికొట్టినవాడు, పరాయి ఇంట్లో పెట్టినది కాదనలేక తిన్న మనిషిలా, తల వంచుకుని, మర్యాదగా తాగాడు. ఇంత మర్యాద అతడు ఆమెకు ఎన్నడూ చూపలేదు. ఇక అడగవలసినది ఏదీ మిగలలేదు.

"ఇవాళే వెళ్తున్నానక్కా."

"తెలుసు. నీ ఉన్ని చొక్కా మోచేతి దగ్గర చిరిగింది. కుట్టి ఇస్తాను, ఉండు."

లోపలి గదిలో దీపం కింద కూర్చుని ఆమె సూదిలో దారం ఎక్కించింది. మొదటిసారి ఎక్కలేదు; రెండోసారీ ఎక్కలేదు. వంటింట్లో కుళాయి కాసేపు పారి ఆగింది. తరువాత వీధి తలుపు, చప్పుడు కాకూడదని జాగ్రత్తపడుతూ, మూసుకుంది.

ఆమె చొక్కా చేతిలో పట్టుకుని వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. వంటగట్టు మీద కాఫీ కప్పు శుభ్రంగా కడిగి బోర్లించి ఉంది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో అతడు కడిగిన మొదటి కప్పు అది. దాని అంచు చుట్టూ గట్టు మీద నీటి వలయం ఇంకా ఆరలేదు.