దండెం గెడ

"తడి బట్టలు నా నెత్తి మీద ఆరేసుకోమంటావా ఏంటయ్యా?" పెద్దింట్లమ్మ మొగుడి మీద విరుచుకుపడింది.

"ఒక్క గెడ కోసం ఇంత గోలేంటే! మీటింగ్ అవ్వగానే ఇచ్చేస్తామన్నారు పార్టీ రమేష్ బాబు గారు," అన్నాడు పోతురాజు.

పాత పడవ గెడనే ఆమె దండేనికి పాతుకుంది. పల్లెలో ఇంటికొక గెడ చొప్పున పార్టీ జెండాలకు వెళ్లాయి. ఏటికి పోయే కాలువకు రొయ్యల చెరువుల ఆసామి అడ్డంగా వేసిన గట్టును తీయిస్తానన్నది ఆ పార్టీయే మరి.

నెల గడిచినా గట్టు కదల్లేదు. పడవలు ఎండకు నెర్రెలిచ్చాయి. చివరికి పల్లెవాళ్లే పలుగులు పట్టుకుని వెళ్లారు. గట్టు మీద నల్లచొక్కాల రక్షణ దళం నిలబడి ఉంది. పార్టీ మీటింగుల్లో జనాన్ని వెనక్కి నెట్టేది ఆ కుర్రాళ్లే.

"మీకు కాలువెందుకురా? కుళాయి కింద వల పట్టుకోండి!" అన్నాడు వాళ్లలో ఒకడు.

ఆ వెంటనే కర్రలు లేచాయి. పోతురాజు కుడిచెయ్యి విరిగింది. అతన్ని కొట్టి విరిగిన కర్రముక్కను పెద్దింట్లమ్మ తీసి చూసింది. దాని మొదలు దగ్గర మూడు గీతలు కాల్చి ఉన్నాయి. ఎవరి గెడకు వారి గుర్తు కాల్చుకోవడం పల్లె ఆనవాయితీ. మూడు గీతలు పోతురాజువి.

ఆడవాళ్లంతా పార్టీ ఆఫీసుకు వెళ్లారు. వెనక వసారాలో నల్లచొక్కాలు బిర్యానీ తింటున్నాయి. వాళ్ల పక్కనే ఎస్సై ఎముక చీకుతున్నాడు.

"వాళ్లకీ పార్టీకీ సంబంధం లేదమ్మా. ఎవరో ఆవేశపడ్డ కుర్రాళ్లు," అన్నాడు రమేష్ బాబు. అతని మీసానికీ ఒక మెతుకు అంటుకునే ఉంది.

పెద్దింట్లమ్మ కర్రముక్కను బల్ల మీద పెట్టింది.

"ఇది మా దండెం గెడండి. మీ జెండాకిచ్చాం. వాళ్ల చేతికెలా వచ్చిందండి?"

"ఇది మాదండి," అంటూ పక్కింటి లోవలక్ష్మి ఇంకో ముక్క పెట్టింది. ఆ తర్వాత ఎదురింటి బేబీ, మిగతావాళ్లూ. బల్ల నిండిపోయింది. రమేష్ బాబు మూతి తుడుచుకున్నాడు.

ఇంటికొచ్చి పెద్దింట్లమ్మ పులుసన్నం కలిపి, మొగుడి నోటికి ముద్ద అందించింది.

"రేపు ఆడోళ్లం ముందు నడుస్తాం. దారిలో మిగిలిన జెండాలన్నీ పీకి, గుడ్డలు వాళ్లకొదిలేసి, మన గెడలు మేం తెచ్చుకుంటాం. అట్నించటే గట్టు మీదకి."

"కేసులు పెడతారే."

"పెట్టనీ. పల్లె పల్లెంతా పేర్లు చెబుతాం, రాసుకోలేక చావనీ. నోరు తెరు, ముద్ద చల్లారిపోతోంది."