కొలత నెత్తురు

అక్కకి జలుబు చేస్తే రెండు తుమ్ములు తుమ్మి పనికి పోతుంది. అదే జలుబు చెల్లెలికి అంటుకుంటే వారం రోజులు మంచమే. ఒకే కడుపున పుట్టి, ఒకే అద్దె ఇంట్లో ఉంటూ ఇంత తేడా ఎందుకంటే, అక్క లెక్కలో దానికి ఒకటే కారణం, బద్ధకం. చెల్లెలికి చిన్నప్పుడే "తుమ్మితే ఊడే ముక్కు" అని పేరు పెట్టేసింది. నాలుగు చివాట్లు, తెరిచిన కిటికీ, ఇదీ ఆవిడ వైద్యం.

ఆ ఉదయం చెల్లెలు ముసుగు తీయలేదు. అక్క కిటికీ బార్లా తెరిచి, ఈ నాటకాలు నా దగ్గర సాగవు, వేరే ఇల్లు చూసుకో అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది గానీ, అన్నమాట వెనక్కి తీసుకునే అలవాటు ఏనాడూ లేని మనిషి. చెల్లెలు లేచి, సంచీలో బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

అక్క పనిచేసేది రక్త పరిశోధనశాలలో. దాతల నెత్తురులోంచి తెల్లకణాలు వేరుచేసి, వాటికి చచ్చిన క్రిముల తునకలు తగిలిస్తారు. అప్పుడా కణాలు ఎంత గట్టిగా కబుర్లు పంపుకుంటాయో మిషను కొలుస్తుంది. ఎక్కువా తక్కువా తేల్చాలంటే ఒక కొలబద్ద ఉండాలి కదా. ఎప్పుడూ జబ్బుపడని మనిషి అని అక్క నెత్తురునే కొలబద్దగా పెట్టుకున్నారు. "కొలత నెత్తురు" అంటారు దాన్ని. ఆ మాట వింటే ఆవిడకి ఎక్కడలేని గర్వం.

ఆ రోజు పరిశోధనశాల డాక్టరమ్మ ఫలితాల ముందు చాలాసేపు కూర్చుంది. దాతలందరి కణాలూ అతి చేస్తున్నట్టే కనిపిస్తున్నాయి. అందరూ అతిగాళ్ళు ఎలా అవుతారని అనుమానం వచ్చి, అక్క నెత్తురు పక్కన పెట్టి, దాతల్ని ఒకరితో ఒకరిని పోల్చి చూసింది. వాళ్ళంతా మామూలే. మందకొడిగా ఉన్నవి అక్క కణాలే. జన్యువులో ఒక్క అక్షరం తేడా వచ్చినా చాలట, కబురు సగం దారిలో నీరసించిపోవడానికి.

"జ్వరం తెప్పించేది క్రిమి ఒక్కటే కాదమ్మా, దాన్ని చూసి మన కణాలు పెట్టే కేకలు కూడా. నీవి గట్టిగా కేకెయ్యవు, అంతే," అంది డాక్టరమ్మ.

తోబుట్టువులకి కూడా తేడా ఉంటుందా అని అక్క మెల్లిగా అడిగింది. ఎందుకుండదు, ఎవరి వాటాకి వచ్చిన అక్షరాలు వాళ్ళవి అంది ఆవిడ.

పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం అన్నట్టు, ఇన్నాళ్ళూ ఇక్కడ దాతల్నీ, ఇంట్లో చెల్లెల్నీ అక్క కొలతతోనే కొలిచారు. అక్కకి కాలు నిలవలేదు. సెలవడిగి ఇంటికి పరుగెత్తింది.

చెల్లెలు సంచీతో గుమ్మం దాకా వచ్చి, అడుగు పడక అక్కడే కూలబడి వణుకుతోంది. అక్క పక్కన కూర్చుని, ఆయాసపడుతూ కణాలూ, కేకలూ, అక్షరం తేడా, అన్నీ ఏకరువు పెట్టింది. "నువ్వు నాటకాలాడటం లేదు," అంది చివరికి.

చెల్లెలు తలెత్తి చూసింది.

"చిన్నప్పట్నుంచీ చెబుతూనే ఉన్నాను కదక్కా. మిషను చెబితే గానీ నమ్మలేదా?"

సిగ్గుతో అక్క కళ్ళు నిండాయి. చెల్లెల్ని పొదివి పట్టుకుని మంచం దాకా నడిపించి, పొద్దున తాను తెరిచిన కిటికీ మూసింది.