ముప్పై ఒక్క ముడులు

ఒక మనిషి చేసిన పనిని అతనికి తెలియకుండా మనం బాగుచేస్తే, ఆ తరువాత అది ఎవరి పని?

ఓబదయ్యకు ఈ ప్రశ్న యాభై ఎనిమిదో ఏట తట్టింది. జెద్దాలోని ఒక పునరావాస కేంద్రంలో, చేతిపనుల గదిలో, అతను గోడకెదురుగా కూర్చొని ఉన్నాడు. గోడ మీద పదమూడు వస్తువులు వేలాడుతున్నాయి, పద్నాలుగోది బల్ల మీద ఉంది. మర్నాడు బుధవారం, పది గంటలకు, వాటిని చూడడానికి అతిథులు వస్తారు. పదకొండేళ్ళుగా ఆ గదిలో పనిచేస్తున్నా ఈ ప్రశ్న ఇదివరకెన్నడూ తట్టకపోవడానికి కారణముంది. బాగుచేయడమన్నది అతను ప్రేమతో చేశాడు. ప్రేమతో చేసే పనిని మనిషి ఒక పట్టాన విచారణకు పెట్టడు.

అతని ఉద్యోగం చిన్నది. ప్రమాదాల్లో చేతులు పోయినవాళ్ళూ, పక్షవాతంతో ఒక వైపు పడిపోయినవాళ్ళూ, వేళ్ళు వణికేవాళ్ళూ ఆ గదికి వస్తారు. ఎవరికి ఏ పని ఇవ్వాలో థెరపిస్టు ఫౌజియా నిర్ణయిస్తుంది. ఆ పనిని వాళ్ళకు అందేంత తేలిక చేయడం ఓబదయ్య వంతు. దారం కొసను కరిగిన మైనంలో ముంచి ఆరబెడితే అది పుల్లలా బిగిసి పూస బెజ్జంలోకి సులువుగా దూరుతుంది. కుంచె కాడకు స్పాంజి చుడితే పిడికిలి ముడుచుకోలేనివాడు కూడా పట్టుకోగలడు. జిగురు గిన్నె కింద తడిగుడ్డ పరిస్తే గిన్నె జారదు. చట్రాన్ని బల్లకు క్లాంపుతో బిగిస్తే ఒక్క చెయ్యి చాలు. ఇవన్నీ ఎవరూ నేర్పకుండానే అతనికి వంటబట్టాయి.

మూడింటికి అందరూ వార్డులకు వెళ్ళిపోయాక అతని రెండో పని మొదలయ్యేది. అది అతనికి ఎవరూ అప్పగించలేదు. ట్రెయిలర్ నడిపిన బంగ్లాదేశీ షమీమ్ వణికే వేళ్ళతో అంటించిన గాజుముక్కలు గీత దాటితే, జిగురు ఆరకముందే వాటిని గీతలోపలికి జరిపేవాడు. ఖాలిదా అనే ముసలామె అల్లిన చాపలో వదులైన వరుసను విప్పి, మళ్ళీ అల్లి పెట్టేవాడు. మర్నాడు వాళ్ళు తమ వస్తువును చూసుకొని, తమ చేతివైపు చూసుకొని, నవ్వేవాళ్ళు. ఆ నవ్వు అతనికి చాలు.

ఇది అతను తల్లి దగ్గర నేర్చుకొన్నాడు. నరసాపురం దగ్గర వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు లేసు అల్లేవాళ్ళు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నానికి అల్లిన ముక్కలు వాళ్ళ వరండాకు చేరేవి, శనివారం ఏజెంటు వచ్చి పట్టుకెళ్ళేవాడు. కుట్టు వదులైతే ముక్క తిరిగి వచ్చేది. అందుకని ఆడవాళ్ళు వెళ్ళిపోయాక తల్లి ఆ వదులు కుట్లు విప్పి తాను మళ్ళీ అల్లేది. దారపుండ పట్టుకొని పక్కన కూర్చొనేది ఓబదయ్యే. "చెప్పకేం, చిన్నబుచ్చుకుంటారు," అనేది. ఆమె వేళ్ళ కుట్లు ఎన్ని ఇళ్ళ పేర్ల మీద ఊరు దాటి వెళ్ళాయో ఆమెకూ కొడుకుకూ తప్ప లోకానికి తెలియదు. మంచితనం అంటే అదేనని అతను పెరిగాడు.

భార్య జ్ఞానమణి జెద్దాలో నర్సుగా పనిచేసింది. ఆమె వెంట వచ్చినవాడు ఓబదయ్య. నాలుగేళ్ళ క్రితం ఆమె పోయింది. శవపేటికతో ఊరికి వెళ్ళి, నలభై రోజులుండి, తిరిగొచ్చాడు. అప్పటినుంచి సాయంత్రాలు తన అద్దెగదికి త్వరగా వెళ్ళడం మానేశాడు. పని ముగిశాక ఫ్లాస్కులోని టీ వంపుకొని గోడకెదురుగా కూర్చొనేవాడు. గోడనిండా ఎందరివో చేతులు. ఆ కాసేపూ మనుషుల మధ్య ఉన్నట్టే ఉండేది.

మొండయ్య ఆ గదికి వచ్చి నెలన్నర. మెట్‌పల్లి వైపు మనిషి, నలభై దాటలేదు. పదిహేనేళ్ళు స్లాబులకు ఇనుప చువ్వలు కట్టాడు. రాబిగ్‌లో ఒక పనిచోట క్రేను నుంచి జారిన చువ్వల కట్ట అతని కుడిచేతి మీద పడింది. మోచేతి కింద చెయ్యి తీసేశారు. మొదటిరోజు ఓబదయ్య అతని ముందు పూసల పళ్ళెం పెట్టాడు.

"పూసలా అన్నా? గివి నా బిడ్డ గుచ్చుతది."

"నీ బిడ్డకి రెండు చేతులున్నాయి కదయ్యా. నువ్వు ఒక్కదాంతో గుచ్చి చూపించు."

"ఎవలకు సూపియ్యాలె? ఖురూజ్ పడ్డదాక పొద్దు పోతలేదని అచ్చిన. గంతే."

దేశం దాటి ఇంటికి పోనిచ్చే ఆ వీసా ముద్ర కోసం అతను చూస్తున్నాడు. పూసలు తాకలేదు. మర్నాడు ఓబదయ్య ఒక చట్రం తయారుచేశాడు. నిలువునా పది, అడ్డంగా ఎనిమిది వెదురుపుల్లలు పరిచి చట్రాన్ని బల్లకు బిగించాడు. పక్కన మెత్తటి రాగి తీగ, చెక్కపిడి ఉన్న చిన్న కొక్కెం పెట్టాడు. పుల్ల పుల్లను దాటే చోటల్లా తీగతో ముడి వేస్తే చివరికి చట్రంతో సహా అదొక పళ్ళెం అవుతుంది. మొండయ్య చాలాసేపు చూశాడు.

"స్లాబు జాలీ గద ఇది," అన్నాడు మెల్లగా.

ఎడమచేత్తో కొక్కెం అందుకొన్నాడు. ఆ రోజు నాలుగు ముడులు పడ్డాయి. తీగ రెండుసార్లు తెగింది. ఒకసారి కొక్కెం విసిరికొట్టి, తనే వంగి తీసుకొన్నాడు. ఎనభై ముడులు పూర్తయ్యేసరికి నెల దాటి, మొన్న ఆదివారం వచ్చింది. అదే రోజు ఖురూజ్ కూడా పడింది. గురువారం ప్రయాణం.

సోమవారం మధ్యాహ్నం ఓబదయ్య ఆ పళ్ళేన్ని గోడకు వేలాడదీయబోతూ చేత్తో ఊపి చూశాడు. పుల్లలు కదిలాయి. మొదటివారాల ముడులు వదులుగా ఉన్నాయి. కటింగ్ ప్లేయర్‌తో ముప్పై ఒకటి కత్తిరించి చెత్తబుట్టలో వేసి, వాటి చోట తన కుడిచేత్తో కొత్తవి బిగించాడు. మొండయ్య పేరు రాసిన అట్టముక్కను కింద తగిలించాడు. గోడ మధ్యలో అది బాగా కుదిరింది.

ఈ మంగళవారం భోజనాలయ్యాక మొండయ్య ఫోను పట్టుకొని వచ్చాడు. అతను అంత హుషారుగా రావడం అదే మొదలు.

"అన్నా, ఫోటో తియ్యాలె. ముత్యవ్వకు పంపుత."

ముత్యవ్వ అతని భార్య. ఆమె తమ్ముడు భూమేష్ మెట్‌పల్లిలో పొలాలకు కంచెజాలీలు కడతాడు.

"నన్ను గా పనిల వెట్టుకోరా అని భూమేష్‌ను అడిగిన. ఒంటిచేత్తోని ఏం గడతవు బావా అంటడు. ముత్యవ్వ సుత నమ్ముతలేదు. గిది సూస్తే నోరు మూస్తరు ఇద్దరు."

"మూస్తార్లే. ఇలా పట్టుకో, వెలుగు పడేలా."

మొండయ్య పళ్ళేన్ని మేకు నుంచి దించి ఒడిలో పెట్టుకొన్నాడు. చువ్వలు కట్టినవాళ్ళకుండే అలవాటు కొద్దీ బొటనవేలితో ముడుల మీద నడిచాడు. వేలు ఒకచోట ఆగింది. వెనక్కి వెళ్ళింది. మళ్ళీ ముందుకు వచ్చింది.

"ఇది నాది గాదన్న."

"నీదేనయ్యా. పేరు చూడు."

"పేరు నాదే. ముడి నాది గాదు." అతను పళ్ళేన్ని ఓబదయ్య ముందుకు వంచాడు. "ఎడమచేత్తోని తిప్పితే మెలిక ఇటు వడతది. ఇగో, ఇది నాది. గిది సూడు, అటు వడ్డది. కుడిచెయ్యి ముడి. నాకు కుడిచెయ్యి ఏడున్నదన్న?"

ఓబదయ్య ఆ రెండు ముడులనూ వేలితో తాకి చూశాడు.

"ఎన్ని?"

"ముప్పై ఒకటి. వదులుగా ఉన్నాయని..."

"వదులుంటే నాకు జెప్పాలె. సైట్ల ఫోర్‌మన్ ఏం జేస్తడు? కట్టెతోని కొట్టి సూస్తడు. ఊగుతుంది, మల్ల కట్టు అంటడు. గంతే గాని ఆయన కూసొని కట్టడు."

"నీ మనసు కష్టపెట్టడం ఎందుకని మొండయ్యా."

"ఇప్పుడు కష్టపడలేదా?" పళ్ళేన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. ఫోను జేబులో వేసుకొన్నాడు. "ఫోటో వద్దు తియ్యి. రేపు భూమేష్ కంచె కాడికి నీ చెయ్యి అస్తదా?"

తలుపు తోసుకొని వెళ్ళిపోయాడు.

కాసేపటికి ఫౌజియా వచ్చింది. ఖాళీగా ఉన్న మేకును చూసి ఇంగ్లీషులో అడిగింది. అతను దాచకుండా చెప్పాడు. ఆమె గోడ మీది వస్తువులను ఒక్కొక్కటిగా చూసింది.

"ఈ ఒక్కదాన్నేనా?"

"అన్నిటినీ మేడమ్. మొదటినుంచీ."

"నేను ఒక్కసారి కూడా గమనించలేదు," అంది. ఆ మాటలో అతన్ని తప్పుపట్టడం కంటే తన్ను తాను తప్పుపట్టుకోవడమే ఎక్కువగా ఉంది. తరువాత గడియారం చూసుకొంది. "రేపు అతిథులు వెళ్ళాక మాట్లాడుకొందాం. దాన్ని మళ్ళీ తగిలించండి మిస్టర్ ఓబద్. గోడ నిండుగా ఉండాలి."

ఆమె వెళ్ళాక అతను టీ వంపుకొన్నాడు. రోజూ కూర్చొనే కుర్చీలోనే కూర్చొన్నాడు. ప్రశ్న అప్పుడు వచ్చింది. దానికి జవాబు వెతకనక్కరలేకపోయింది. లేచి గోడ దగ్గరకు వెళ్ళేసరికి అది ఎదురుగానే ఉంది. షమీమ్ గాజుముక్కల గీతలో ఉన్నది తన వేళ్ళ నిదానం. ఖాలిదా చాపలో ఉన్నది తన బిగువు. ఏ వస్తువును చూసినా కంటికి ఇంపుగా ఉన్నచోటల్లా తానే ఉన్నాడు. పద్నాలుగుమంది ఉన్నారనుకొన్నచోట ఉన్నది ఒక్కడే. నాలుగేళ్ళుగా అతను టీ తాగింది తనతోనే.

తల్లి వరండాకు వచ్చిన ఆడవాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళలో ఎవరి కుట్టయినా కాలం గడిచేకొద్దీ బిగిసిందా అని ఒక్కొక్కరినే తలచుకొన్నాడు. లేదు. జుట్టు నెరిసేదాకా అందరూ ఆ వదులు కుట్లే తెచ్చారు. తెచ్చినంతకాలం తల్లి విప్పుతూనే ఉంది. వాళ్ళు ఎంతమంది వస్తున్నా ఆమె పని ముందు ఆమె ఒక్కతే కూర్చొని ఉండేది. చిన్నబుచ్చుకొనే అవకాశం ఇవ్వనివాడు ఎదుటి మనిషికి నేర్చుకొనే అవకాశం కూడా ఇవ్వడం లేదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తనకు ఒకరు చెప్పారు.

రేపటిదాకా ఆగితే ఎల్లుండి విమానం. ఆగకూడదనుకొన్నాడు.

టీ వదిలేసి కటింగ్ ప్లేయర్ తీశాడు. పళ్ళేన్ని వెలుతురుకు ఎత్తి, మెలిక ఎటు తిరిగిందో చూసి, మొదటి ముడిని కత్తిరించాడు. తన పనిని తాను ఆనవాలు పట్టడం అతనికి అదే మొదటిసారి. ఒక్కొక్కటీ తెగి బల్ల మీద రాలింది. రెండుసార్లు మొండయ్య ముడి మీదికి వెళ్ళబోయి ఆగాడు. ముప్పై ఒకటీ అయ్యాక పుల్లలు వదులై ఒకదాని మీద ఒకటి జారాయి. గోడ మీద మేకునూ పేరునూ అలాగే ఉంచి, చట్రం, క్లాంపు, తీగ, కొక్కెం తీసుకొని రెండో అంతస్తులోని వార్డుకు నడిచాడు.

మొండయ్య అటువైపు తిరిగి పడుకొని ఉన్నాడు.

"మొండయ్యా. నావన్నీ కోసేశాను."

ఓబదయ్య మంచం మీదికి జరిగే బల్లను లాగి, చట్రాన్ని దానికి బిగించాడు.

"రేపు సూడనీకి అస్తరన్నరు గద," అన్నాడు మొండయ్య, తిరగకుండానే.

"వస్తారు. మేకుంది, చూసి వెళ్తారు."

కొంచెం తరువాత మంచం కిర్రుమంది. మొండయ్య లేచి కూర్చొన్నాడు. ఖాళీ అయిన చోట్లను చూశాడు గానీ చెయ్యి చాపలేదు.

ఓబదయ్య కొక్కెం పిడితో చట్రాన్ని కొట్టాడు. పుల్లలు గలగలమన్నాయి.

"ఊగుతోంది," అన్నాడు. "మళ్ళీ కట్టు."

కొక్కేన్ని మొండయ్య ఎడమచేతికి అందేచోట పెట్టి, తన చేతులు రెండూ వెనక్కి కట్టుకొని నిలబడ్డాడు.