చావింటి పాట

టీవీలో ఆ ప్రకటన వచ్చిన రోజు నుంచి కసిమీరో ఆర్చులేటా పాడటం మానేశాడు.

స్పానిష్ మాట్లాడే ఆ శాన్ లూయిస్ లోయలో ఎవరు కన్నుమూసినా ముందు కబురు వెళ్ళేది పాదిరీగారికి కాదు, కసిమీరోకి. శవపెట్టెను ఇంట్లోంచి ఎత్తేముందు పాడే పాట ఒకటుంది. పోయినవాడే చివరిసారి నోరు విప్పినట్టుంటుంది. గడపా, ఇక సెలవు. కాలువ నీళ్ళూ, ఇక సెలవు. నన్ను మోసే భుజాలకు దేవుడు బలమిచ్చుగాక. చావింట్లో తప్ప ఆ పాట ఎక్కడా పాడరు. ఆటల్లో పిల్లలెవరైనా కూనిరాగం తీస్తే మూతి మీద ఒకటి పడేది.

కొన్నేళ్ళ కిందట సంగీతం చదువుకునే యువకుడొకడు పట్నం నుంచి వచ్చాడు. మర్యాదస్థుడు. కసిమీరో వెంట తిరిగి, కట్టెలు కొట్టిపెట్టి, గొర్రెలకు మేత వేసి, "ఇది మీతోనే పోకూడదు తాతా" అన్నాడు. ముసలాయన కరిగిపోయి అతని రికార్డర్ ముందు పాడాడు. ఆ రికార్డింగు ఎన్ని చేతులు మారిందో ఎవరికీ తెలియదు. ఒక ఆదివారం ఫుట్‌బాల్ ఆట మధ్యలో వచ్చిన విస్కీ ప్రకటనలో కౌబాయ్ టోపీలవాళ్ళు నలుగురు గ్లాసులు ఎత్తుతుంటే, వెనకాల కసిమీరో గొంతు వినిపించింది.

పక్కన కూర్చున్న కూతురు డెల్ఫీనా కంగారుగా టీవీ కట్టేసింది. ఆయన చేతిలో చెంచా కింద పెట్టి, "ఆ పాట ఇక పనికిరాదు. సారా కొట్టు గడప తొక్కింది" అన్నాడు. అంతే.

శీతకాలం చివర ఆయన బాల్యమిత్రుడు ఎలోయ్ పోయాడు. ఎలోయ్ భార్య ప్రుదెన్సియా తానే నడిచి వచ్చింది. ఆమె పెద్దకొడుక్కి కసిమీరో బాప్తిస్మం నాడు ఎత్తుకున్న జ్ఞానతండ్రి.

"అన్నా, రేపు సాయంత్రం పెట్టె ఎత్తుతారు. నువ్వు రావాలి."

"వస్తాను. మోస్తాను. పాడను."

"పాట లేకుండా పంపమంటావా ఆయన్ని? కుక్కను సాగనంపినట్టు?"

కసిమీరో తల దించుకున్నాడే గాని మాట మార్చలేదు. ఆమె కొంగు లాంటి నల్లశాలువా తలమీదికి లాక్కుని వెళ్ళిపోయింది.

డెల్ఫీనా అంతసేపూ పొయ్యి దగ్గరే నిలబడి వింది; మాటలు సగమే అందినా సంగతి అర్థమైంది. ఊరి క్లినిక్‌లో నర్సుగా ఎన్నో చావులు చూసిన మనిషి. కాలేజీ రోజుల్లో డెన్వర్ వీధుల్లో మెక్సికన్ మూలాలవాళ్ళ ఊరేగింపులో జెండా పట్టి, 'నేను చికానాని' అని గొంతు చించుకుని అరిచింది. ఆ అరుపూ ఇంగ్లీషులోనే. తండ్రి ఆమెకు తన భాష నేర్పలేదు. చిన్నప్పుడు బడిలో స్పానిష్ మాట్లాడినందుకు పంతులమ్మ ఆయన నోరు సబ్బుతో కడిగింది. నా పిల్లకు ఆ రుచి తెలియకూడదని, వచ్చీరాని ఇంగ్లీషులోనే కూతుర్ని పెంచాడు.

"నాకు ఒక్క ముక్క చెప్పలేదు నువ్వు. ముక్కూమొహం తెలియనివాడికి మొత్తం ధారపోశావు" అంది డెల్ఫీనా.

"వాడు అడిగాడు. నువ్వెప్పుడైనా అడిగావా?"

"అడిగే నోరు ఉంచావా నాన్నా నాకు?"

ముసలాయన గొర్రెల దొడ్డివైపు వెళ్ళిపోయాడు.

మర్నాడు ఎలోయ్ ఇల్లు కిక్కిరిసింది. వంటింట్లో చిక్కుడుగింజలు, మిరపకూర ఉడుకుతున్నాయి. జపమాల ప్రార్థన పూర్తయింది. మోసేవాళ్ళు పెట్టె పక్కన నిలబడ్డారు. అందరూ కసిమీరో వైపు చూశారు. ఆయన తలుపు దగ్గర టోపీ పట్టుకుని నేల చూస్తున్నాడు. ఆ నిశ్శబ్దం ప్రుదెన్సియా ముఖంలో ఏం చేస్తోందో చూసి డెల్ఫీనా ఇక ఆగలేకపోయింది. చిన్నప్పటి నుంచి చెవిన పడ్డ వరస. మాటలకు అర్థం తెలియదు, శబ్దం తెలుసు. కళ్ళు మూసుకుని పాట ఎత్తుకుంది.

మొదటి చరణం ఎలాగో గట్టెక్కింది. రెండోదాంట్లో, 'నా ఆత్మను నీకు అప్పగిస్తున్నాను' అనాల్సిన చోట—

"ఆర్మా కాదే, అల్మా!" తలుపు దగ్గర నుంచి తండ్రి గద్దించాడు. "ఆర్మా అంటే తుపాకీ. ఎలోయ్ తుపాకీ పట్టుకుని వెళ్తున్నాడా దేవుడి దగ్గరికి?"

"వెళ్తాడు, వెళ్తాడు! ఆయన సంగతి నాకు తెలీదా?" అంది ప్రుదెన్సియా. ఏడుస్తూనే నవ్వింది. గదంతా నవ్వి, మళ్ళీ ఏడ్చింది.

డెల్ఫీనా చెవులు ఎర్రబడ్డాయి. ఆపేద్దామనుకుంది. అంతలో కసిమీరో జనాన్ని తప్పించుకుంటూ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. పాడలేదు. తర్వాతి పాదాన్ని మామూలు గొంతుతో, నెమ్మదిగా పలికాడు. ఆమె దాన్ని పాడింది. ఆయన ఇంకొకటి పలికాడు. అలా ఒక్కో పాదమే అందిస్తూ చివరిదాకా తెచ్చాడు. ముసలమ్మలు కొందరు గొంతు కలిపారు. పెట్టె గడప దాటింది.

ఆ తర్వాత కూడా కసిమీరో పాడలేదు. విస్కీ కంపెనీకి ఉత్తరం రాద్దామని ఊరివాళ్ళంటే వద్దన్నాడు. "పోయింది తిరిగి రాదు" అన్నాడు.

ఆ రోజు మాత్రం శ్మశానం నుంచి వస్తూ దారిలో డెల్ఫీనా కారు నడుపుతుంటే ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు, తన భాషలో. ఎలోయ్ గురించి, కాలువ తవ్విన తాతల గురించి, ఇంకా ఏమేమో. కూతురికి సగం కూడా అర్థం కాలేదు. ఆ సంగతి చెబితే ఎక్కడ ఇంగ్లీషుకు మారిపోతాడోనని చెప్పలేదు. ఇల్లొచ్చినా ఆపకుండా, కారును ఇంకా ముందుకు పోనిచ్చింది.