తొడకు కట్టని తాడు

"మళ్ళీ అలమర తలుపుకి కట్టావా?" అన్నాడాయన, చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింట్లోకి వచ్చి.

"కట్టకపోతే అదే తెరుచుకుని నా నుదుటికి తగుల్తోంది. కొక్కెం బిగించమని ఎన్నాళ్ళుగా మొత్తుకుంటున్నాను?" అంది భార్య.

"అది ఇంజను తాడు!"

"అయితే ఏం? సాగుతుంది, ముడి వెయ్యక్కర్లేదు. ఇంత సుఖమైన వస్తువు ఈ ఇంట్లో మరోటి లేదు."

ఆయన తాడు విప్పాడు. తలుపు వెంటనే కిర్రుమంటూ తెరుచుకుంది. ఆమె తలుపు వంకా ఆయన వంకా చూసి గిన్నె తోముకోసాగింది.

ఎర్రటి తాడు. పాత టెలిఫోను తీగలా చుట్టలు చుట్టలుగా ఉంటుంది. ఒక కొస పడవ ఇంజనుకి, రెండో కొస నడిపేవాడి తొడకి. మనిషి నీళ్ళలో పడితే తాడు ఊడి ఇంజను ఆ క్షణమే ఆగిపోతుంది, లేకపోతే అడుగున తిరిగే రెక్క మనిషి మీదికి వస్తుంది. పడవలో వదిలేస్తే ఎవరో ఒకరు పట్టుకుపోతారని ముప్ఫై ఒక్క ఏళ్ళుగా రోజూ జేబులో వేసుకుని ఇంటికి తెస్తున్నాడు.

"నాన్నా, గాలి చూశావా!" కూతురు జడ అల్లుకుంటూ గదిలోంచి ఒక్క ఉరుకున వచ్చింది. "కిటికీ రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి!"

"చూశాలే. ముందు నోట్లో ఏదైనా వేసుకో. అసలే పిచికవి."

పిచిక అనే పేరు తెరచాప పడవలు నేర్పే బడిలో వాళ్ళు పెట్టింది. మనిషి మరీ తేలిక. బోల్తాపడ్డ పడవని ఒంటరిగా అయిదు నిమిషాల్లో నిలబెట్టి తిరిగి ఎక్కగలిగితేనే శిక్షకురాలి ఉద్యోగం. ఇప్పటికి రెండుసార్లు బరువు చాలక తప్పింది. ఇవాళ మూడోసారి, ఇదే ఆఖరు. ఇదీ తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరిది.

ఆయన్ని అక్కడ అందరూ బోల్తా మాస్టారు అంటారు. చేరిన మూడోరోజున కొత్తవాళ్ళ పడవల్ని కావాలని తిరగేసి, వాళ్ళు లేపుకునేదాకా పక్కన కాపలా కాయడం ఆయన పని. నీటి మీద ఎండకి కళ్ళు చికిలించీ చికిలించీ కళ్ళ కొసల్లో తెల్లటి గీతలు పడ్డాయి. వేళ్ళ కొసలు ఎప్పుడూ ముడతలు పడే ఉంటాయి. ఎడమ భుజం ఎత్తితే పుల్ల విరిగినట్టు చప్పుడవుతుంది. చదువు పెద్దగా లేదు. కానీ ఎవరు భయపడి పడవని వదిలేసి ఒడ్డుకి ఈదబోతారో మొహం చూసి చెప్పేస్తాడు. "పడవ మునగదు, మునిగేది మీరే. దాన్ని వదలకండి" అని ఎన్ని వేల మందికి చెప్పి ఉంటాడో. తనకి మాత్రం రెండే నియమాలు. ముందు తలలు లెక్కపెట్టాలి, తర్వాతే పడవ. తల కనబడేదాకా ఇంజనుకి గేరు వెయ్యకూడదు.

సరస్సు మీద గాలి ఈలలు వేస్తోంది. రేవు మెట్ల మీద పరీక్షాధికారి చేతిలో గడియారంతో నిలబడ్డాడు.

"సిద్ధమా?" అని అరిచాడు బోల్తా మాస్టారు.

"సిద్ధం మాస్టారూ!" పని దగ్గర నాన్నా అని పిలవకూడదని తండ్రీకూతుళ్ళు ముందే అనుకున్నారు.

తన ఇంజను పడవని కూతురి పడవ దగ్గరికి తెచ్చి దాని తెరచాప కొయ్యని అందుకోబోయాడు. తొడకున్న తాడు చాలలేదు. విప్పి సీటు మీద పడేసి, వంగి, కొయ్య పట్టుకుని బలంగా లాగాడు. పడవ పక్కకి ఒరిగి దభీమని పడింది. వెంటనే దూరంగా జరిగి ఆగాడు.

పిచిక ఈత కొట్టుకుంటూ అడుగువైపుకి వెళ్ళింది. పడవ కిందనుంచి పొడుచుకొచ్చిన పలక మీదికి ఎగబాకి నిలబడింది. పడవ అంచుకి కట్టిన ముడుల తాడుని రెండు చేతులా పట్టుకుని, కర్రలా బిగుసుకుని వెనక్కి వాలింది. తెరచాప నీళ్ళలోంచి అంగుళం అంగుళం లేచింది. లేస్తోంది! ఆయన పిడికిళ్ళు బిగుసుకున్నాయి. రెండుసార్లు ఓడిపోయిన చోటు దాటేసింది. పడవ నిటారుగా నిలబడింది!

అప్పుడు చూశాడాయన. తెరచాపని బిగించి ఉంచే తాడు ఆమె వదులు చెయ్యలేదు. కొత్తవాళ్ళు సంబరంలో చేసే పొరపాటు. గాలి తెరచాపలో నిండింది. పడవ రెండోవైపుకి తిరగబడి ఆమె మీదే పడింది.

నీటి మీద తెల్లటి గుడ్డ పరుచుకుంది, అంతే. తల లేదు.

ఒకటి. రెండు. మూడు.

నాలుగు లెక్కపెట్టకుండానే ఆయన చెయ్యి గేరు మీద పడింది. ఇంజను గర్రుమంది. తెరచాప వైపు పడవని తిప్పుతూ, దూకడానికి సీట్లోంచి లేచాడు.

"నాన్నా, ఇంజను!"

తెరచాప అంచు దగ్గర, ఆయన పడవకి రెండు బారల దూరంలో తడి తల. ఇంజను ఆపే బొత్తాం మీద చెయ్యి కొట్టాడు. చప్పుడు ఆగిపోయింది. పడవ ఊపుకి జారుతూ ఆమె పక్కనుంచి పోయి నిలిచింది.

గుడ్డ కుట్టు వెంట చేతులు వేసుకుంటూ, ఆయన నేర్పినట్టే, తెరచాప కిందనుంచి బయటికి వచ్చిందామె. ఆయన కిందికి చూసుకున్నాడు. ఎర్ర తాడు సీటు మీద చుట్టచుట్టుకుని పడి ఉంది. దూకి ఉంటే ఇంజను ఆగేది కాదు.

"ఎంతసేపుంది మాస్టారూ?" పిచిక అప్పటికే తెరచాప తాడు వదులు చేసేసి పలక వైపు ఈదుతోంది.

ఒడ్డు మీంచి పరీక్షాధికారి రెండు నిమిషాలన్నట్టు రెండు వేళ్ళు చూపించాడు.

*

"ఎక్కేసరికి ఇంకా పదకొండు సెకన్లు మిగిలాయమ్మా!" రాత్రి భోజనాల దగ్గర పిచిక చేతిలో ముద్ద పట్టుకుని నాలుగోసారి చెప్పింది. "నా బరువుకే లేచింది! రెండుసార్లు లేపాను!"

"ముద్ద నోట్లో పెట్టుకుని చెప్పవే, కూరంతా బల్ల మీదే ఉంది," అంది తల్లి. మొహమంతా వెలిగిపోతోంది.

"ఒక సంగతి చెప్పకుండా మింగేశావు," అన్నాడు తండ్రి.

పిచిక తల వంచుకుంది. "అది చెప్పక్కర్లేదు నాన్నా."

ఆయనే చెప్పాడు. గేరు, సీటు మీది తాడు, రెండు బారల దూరం. భార్య చేతిలో గరిట గిన్నె మీదే ఆగిపోయింది.

"సాయంత్రం బడివాళ్ళకీ చెప్పేశాను. రేపట్నుంచి ఇంజను పడవ నేను నడపను."

"ఒక్కసారికే?" అంది కూతురు. "ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కసారికే?"

"ఇవాళ నా పిల్ల కాబట్టి నేర్చుకున్నది గుర్తుంచుకుంది. రెండోసారి ఎవరి పిల్ల ఉంటుందో."

భార్య గరిట గిన్నెలో పెట్టేసింది.

"మరి రేపట్నుంచి ఏం చేస్తారు?" అంది భార్య నెమ్మదిగా.

"ఒడ్డున కూర్చుని తెరచాపలు కుడతా. ముందు పొద్దున్నే ఆ అలమర తలుపుకి కొక్కెం బిగిస్తా."

"ఇన్నాళ్ళకి!" ఆమె నవ్వబోయి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆయన జేబులోంచి ఎర్ర తాడు తీసి కూతురి కంచం పక్కన పెట్టి, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. తొడకు తగిలించే కొస దగ్గర రంగు వెలిసి తెల్లబడిన ఆ తాడు, ఉప్పు గిన్నెని ఆనుకుని, ఇంకా కొంచెం తడిగానే ఉంది.