ఉమ్మడి ఫైలు

ఆఫీసులో అందరూ ఆమెను బిల్డక్క అనేవారు. ఆస్పత్రుల్లో రోగుల నరాల్లోకి మందు ఎక్కించే పంపులు తయారుచేసే కంపెనీ అది. పంపును నడిపే ఆపరేటింగ్ సిస్టంలో మూడు వందల పైచిలుకు మాడ్యూళ్లు, అంటే విడివిడి చిన్న ప్రోగ్రాములు, ఉంటాయి. ఒకటి మోటారును తిప్పుతుంది, ఒకటి తెర మీద అంకెలు చూపిస్తుంది, ఒకటి గంట మోగిస్తుంది. వీటన్నిటినీ కూర్చి ఒక్కటిగా తయారుచేయడమే బిల్డు. పదమూడేళ్లుగా ఆ పని ఆమెదే.

మాడ్యూళ్లన్నీ ఒకే ఒక హెడర్ ఫైలు మీద ఆధారపడి ఉండేవి. ఏ అంకె ఎక్కడ ఉంటుంది, ఎంత చోటు తీసుకుంటుంది, దాన్ని ఏ పేరుతో పిలవాలి అన్నది అందరికీ ఒకేలా చెప్పే కాగితం లాంటిది హెడర్ ఫైలు. పదకొండు వేల వరసలున్న దానికి ఆఫీసులో ఉమ్మడి ఫైలని పేరు. అందులో ఒక్క అక్షరం కదిపినా అన్ని మాడ్యూళ్లనూ మళ్లీ మొదటినుంచి తయారు చేయాల్సిందే. ఐదు గంటల నలభై నిమిషాలు పట్టేది. అందుకే అందులో ఉన్నదాన్ని దిద్దే జోలికి ఎవరూ పోయేవారు కాదు. కొత్తగా ఏదైనా కావాలంటే చివర్న తగిలించి చేతులు దులుపుకునేవారు.

"అటక మీద సామాను లాగుంది ఇది. ఎక్కించడమే గాని దింపే నాథుడు లేడు," అంది పంపులను పరీక్షించే టెస్టరమ్మ.

"నేను దింపుతాను," అంది బిల్డక్క.

మేనేజరు మొదట మొహం చిట్లించాడు. "రెండేళ్లు పడుతుందంటున్నావు. అయ్యాక కొత్తగా కనిపించేదేముంది?"

"ఏమీ కనిపించదు సార్. కాని ఇప్పుడు చిన్న తప్పు దొరికినా దిద్ది చూసుకునేసరికి రోజంతా పోతోంది. ఆస్పత్రుల వాళ్లు మనల్ని తిడుతున్నది అందుకేగా."

ఆయన చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి సరేనన్నాడు.

పని మొదలుపెట్టే ముందు ఆమె, ఆఫీసులో తనకు పని నేర్పిన మాస్టారి ఇంటికి వెళ్లింది. ఉమ్మడి ఫైలు పుట్టింది ఆయన చేతిలోనే. రిటైరై తొమ్మిదేళ్లయింది. వరండాలో కూర్చుని కుర్చీ కాలుకి మేకు కొట్టుకుంటున్నాడు. ఫైలు పైభాగంలో ఆయన రాసిన ఒక వరస ఉంది. అంకెల మధ్య ఖాళీ వదలకుండా పక్కపక్కనే పేర్చమని చెప్పే వరస అది. దాని మీద 'దీన్ని ఇక్కడినుంచి కదపవద్దు' అని హెచ్చరిక.

"ఎందుకు కదపకూడదు మాస్టారూ?"

ఆయన సుత్తి పక్కన పెట్టాడు. "రాసిననాడు తెలుసమ్మా. ఏదో మాడ్యూలు పేచీ పెట్టి ఉంటుంది. ఏదన్నది గుర్తులేదు."

"ఎక్కడైనా రాసిపెట్టారా?"

"రాశానుగా, కదపొద్దని."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఉమ్మడి ఫైలును ఎన్ని ముక్కలు చేస్తే అన్ని ముక్కల్లోనూ ఆ వరసను ముందే పెట్టాలని ఆమె దారిలోనే అనుకుంది.

రెండేళ్లు అదే లోకం. మోటారు మాడ్యూలుకు గడియారం కావాలి, గడియారానికి గంట కావాలి, గంటకు మళ్లీ మోటారు కావాలి. ఇలాంటి పేచీలను ఒక్కొక్కటే తీరుస్తూ పోయింది. స్కూలు బస్సు నడిపే భర్త అన్నం వడ్డిస్తూ, "ఈ పూటైనా వాళ్లు విడిపోయారా, ఇంకా పంచాయతీ నడుస్తోందా?" అని అడిగేవాడు. ఆమెకు నవ్వొచ్చేది గాని, కళ్లు కంచంలో ఉండేవి కావు.

చివరికి ఉమ్మడి ఫైలు రెండు వందల పద్నాలుగు చిన్న ఫైళ్లయింది. బిల్డు పద్దెనిమిది నిమిషాల్లో అయిపోయింది. టెస్టరమ్మ ఆమెను కావలించుకుంది. పరీక్షలన్నీ నెగ్గాయి. కొత్త సిస్టం పంపుల్లోకి వెళ్లింది.

పదకొండో వారంలో ఒక ఆస్పత్రిలో, చిన్న ఆపరేషన్ చేయించుకుని మర్నాడు ఇంటికి వెళ్లాల్సిన మనిషి, ఒక వడ్రంగి, మధ్యాహ్నం పన్నెండింటికి పడక మీదే చనిపోయాడు. ఒకే పంపులోంచి సెలైనుతో పాటు ఎక్కుతున్న నొప్పి మందు, ఎక్కవలసిన దానికి ఆరు రెట్లు ఎక్కింది. నర్సు వేగం తప్పుగా నొక్కిందని ఆస్పత్రి తేల్చి, ఆమెను పనిలోంచి తీసేసింది.

ఆ పంపు ఆఫీసుకు వచ్చింది. పంపులో మిగిలిన రికార్డులో, నర్సు నొక్కిన అంకె సరిగ్గానే ఉంది. తెర మీద చూపిన అంకె కూడా సరిగ్గానే ఉంది. మోటారు మాత్రం మరో వేగంతో తిరిగింది. బిల్డక్క ఆ రోజు పొద్దుటినుంచి కుర్చీలోంచి లేవలేదు. మూడు గంటలకు తప్పు దొరికింది.

రెండు వందల పదమూడు ఫైళ్లలో మాస్టారి వరస ఉంది. ఒక్కదాంట్లో లేదు. రెండు మందులు ఒకేసారి ఎక్కించేటప్పుడు వాటి వేగాలు రాసుకునే ఫైలది. తెర మాడ్యూలు దానికంటే ముందు వేరే ఫైలును చదువుతుంది కనుక ఆ వరస దానికి అందింది. మోటారు మాడ్యూలుకు అందలేదు. అంకెల మధ్య ఖాళీ ఉందనుకుని, మొదటి మందు వేగం ఉండాల్సిన చోట రెండో మందు వేగాన్ని చదివింది. సెలైను ఎక్కవలసిన వేగంతో నొప్పి మందు ఎక్కింది. రెండు మాడ్యూళ్లూ విడివిడిగా ఏ తప్పూ లేకుండా తయారయ్యాయి. బిల్డు ఒక్క హెచ్చరికైనా ఇవ్వలేదు.

"రెండు మందులతోనూ పరీక్షించాను," అంది టెస్టరమ్మ. "కాని రెండిటికీ ఒకే వేగం పెట్టాను. ఒకటి బదులు ఇంకోటి చదివినా తేడా తెలిసేది కాదు."

"ఆ ఫైలు రాసింది నేను," అంది బిల్డక్క.

ఉన్నదున్నట్టు నాలుగు పేజీలు రాసి మేనేజరుకిచ్చింది. ఆయన చదివి తలుపు వేశాడు.

"పంపులన్నీ వెనక్కి పిలిపించి పాత సిస్టం ఎక్కిస్తున్నాం. ఇక ఎవరికీ ప్రమాదం లేదు."

"ఆ నర్సు సంగతి?"

"అది ఆస్పత్రి వ్యవహారం. మన నివేదికలో 'అరుదైన పరిస్థితి' అని ఉంటుంది. లాయర్లు చూసి పెట్టిన మాట."

"ఆమె తప్పు లేదని మనకు తెలుసు కదండీ."

"నీకు తెలుసు, నాకు తెలుసు. కాగితం మీద ఎవరికీ తెలియదు." గొంతు తగ్గించాడు. "నిన్ను కూడా కాపాడుతున్నానమ్మా. అర్థం చేసుకో."

ముక్కలన్నిటినీ మళ్లీ ఉమ్మడి ఫైలుగా చేసే పని కూడా ఆమెకే పడింది, ఇంకెవరికీ చేతకాదు కనుక. తొమ్మిది రోజులు పట్టింది. టెస్టరమ్మ ఆ వారంలోనే మానేసింది.

నర్సు ఇల్లు కనుక్కోవడానికి మరో పది రోజులు పట్టింది. మూడో అంతస్తు. తలుపు తీసినామెకు ముప్పై ఏళ్లుంటాయి. లోపల బల్ల మీద ఇస్త్రీ చేయాల్సిన ఇరుగుపొరుగు వాళ్ల బట్టలు మూటలుగా ఉన్నాయి. బిల్డక్క తానెవరో చెప్పింది. నర్సు లోపలికి రమ్మనలేదు, వెళ్లమనీ అనలేదు.

"మీరు సరిగ్గానే నొక్కారు," అంది బిల్డక్క గుమ్మంలోనే. "తప్పు నాది. అంతా ఇందులో రాశాను." నాలుగు పేజీలూ చాపింది.

నర్సు తీసుకోలేదు. "దీని మీద మీ కంపెనీ ముద్ర వేస్తుందా?"

"వేయదు."

"మీరు వచ్చి ఆస్పత్రిలో చెప్తారా?"

"వెళ్లాను. కంపెనీ ద్వారా రమ్మన్నారు. మళ్లీ వెళ్తాను. నా ఉద్యోగం పోయినా వెళ్తాను. కాని వింటారని మాటివ్వలేను."

"అయితే దీన్నేం చేసుకోనండీ నేను?"

ఇస్త్రీపెట్టె కింద బట్ట కాలుతున్న వాసన వస్తే నర్సు లోపలికి పరుగెత్తి తీగ లాగేసి, మళ్లీ వచ్చింది.

"చనిపోయినాయన భార్య నా చొక్కా పట్టుకుని అడిగింది, అంకె చూసుకోలేదా అని. చూశానమ్మా అన్నాను. రెండుసార్లు చూశాను. ఇంటికొచ్చాక నాకే అనుమానం మొదలైంది, నిజంగా చూశానా అని." చాలాసార్లు చెప్పుకున్న మాటల్లా వచ్చాయి అవి. "ఏం జరిగిందో నాకర్థమయ్యేలా చెప్పండి."

మెట్ల దగ్గర నిలబడే బిల్డక్క చెప్పింది. కాగితం వెనక గీతలు గీసి, ఖాళీతో ఒకసారి, ఖాళీ లేకుండా ఒకసారి అంకెలు పేర్చి చూపించింది. నర్సు తెలివైనది. మధ్యలో రెండు ప్రశ్నలడిగింది, రెండూ సరైనవే.

"అంటే నేను చూసిన అంకె నిజమే. లోపల తిరిగింది వేరు."

"అవును."

నర్సు ఆ గీతలు గీసిన పేజీ ఒక్కటి తీసుకుంది. "మిగతావి మీరే ఉంచుకోండి," అని తలుపు వేసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది. బిల్డక్క మిగిలిన మూడు పేజీలతో మెట్లు దిగి, వాటిని వడ్రంగి భార్యకు చూపించాలనుకుని, ఆ ఇల్లు ఎటో తెలియక, ఎవరిని అడగాలో తోచక, వీధి మొగలో నిలబడిపోయింది.