సుభద్రమ్మ వేళ్లు

ఆసుపత్రిలో ఎవరైనా ముందు అడిగేది మనిషి బతుకుతుందా అని. సోములు మాత్రం, "ఏళ్లు ఉంటాయేటమ్మా?" అని అడిగాడు. డాక్టరు అనూరాధ అతన్ని ఎగాదిగా చూసింది. పక్కనున్న నర్సు మొహం తిప్పుకుంది. తిప్పుకోదా మరి? కట్టుకున్నది ఐసీయూలో చావుబతుకుల్లో ఉంటే ఈయనకు వేళ్లు కావలసి వచ్చాయి.

పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ పళ్లే, సన్ననూలు వడికే సుభద్రమ్మ కుడిచేతి బొటనవేలికి గుచ్చుకున్నాయి. ఆ ఇంట్లో అదేం కొత్త కాదు. పసుపు అద్దుకుని మళ్లీ రాట్నం ముందు కూర్చుంది. చెయ్యి వాచినా, జ్వరం కాసినా నోరు విప్పలేదు, మొండిది. స్పృహ తప్పాక గానీ సోములుకు తెలియలేదు. శ్రీకాకుళం తెచ్చేసరికి విషం ఒళ్లంతా పాకి, కుడిచేతి వేళ్లు నల్లబడుతున్నాయి.

అనూరాధ ఓపిగ్గానే చెప్పింది. "నెత్తురు ఒంట్లోనే గడ్డ కట్టేస్తోంది. అలా కట్టకుండా కాపలా కాసే ప్రోటీను అందరికీ ఉంటుంది. ఈవిడకు అది అడుగంటిపోయింది. దాతల నెత్తురు నుంచి తీసిన మందు విశాఖ నుంచి తెప్పించి ఎక్కిద్దాం. కచ్చితంగా పనిచేస్తుందని చెప్పలేను. ఒక్కోసారి రక్తం ఆగకుండా పోయే ప్రమాదమూ ఉంది."

"ఎక్కించండమ్మా," అన్నాడు సోములు. "దానికి తెలివొస్తే ముందు సేతులే సూసుకుంటాది."

మందు ఎక్కుతున్నంతసేపూ బయట బల్ల మీద కూర్చుని శ్రీకూర్మం సామికి మొక్కుకున్నాడు. అక్కడా ముందు వేళ్లే అడిగాడు. తర్వాత తనమీద తనకే రోత పుట్టి, ప్రాణం దక్కితే చాలన్నాడు. సామి ఆ రెండో మాటే విన్నాడు.

నెత్తురు కుదుటపడింది, మనిషి నిలబడింది. అప్పటికే చచ్చుబడిన బొటనవేలినీ చూపుడువేలినీ మాత్రం తర్వాత తీసేశారు.

ఇంటికొచ్చాక సుభద్రమ్మ రాట్నం వైపు చూడటమే మానేసింది. సోములు బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మగ్గం నేశాడే గానీ ఏనాడూ నూలు వడకలేదు. ఒక మధ్యాహ్నం రాట్నం ముందు కూలబడి, తెంపుకుంటూ తిట్టుకుంటూ మూరెడు నూలు తీసి ఆమెకిచ్చాడు. ఆమె అలవాటుగా కుడిచెయ్యి చాపి, ఆగిపోయి, ఎడంచేత్తో తీసుకుని చెంపకు ఆనించుకుంది.

"లావుగా ఉన్నాది మావా."

"నువ్వు సెప్పు, నాను నేర్సుకుంతాను."

ఆమె కుడిచేతిని ఒళ్లో బోర్లించుకుంది. ఆసుపత్రిలో కూడా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

"ఎవులో మొకం తెలీనోలు నెత్తురిచ్చి నన్ను బతికించినారు. ఏళ్లెవులిస్తారు మావా?"